బాగా వచ్చిన స్కాన్

మార్చి 4

ఈ రోజు కంటి ఆస్పత్రి స్కాన్ గదిలో నా లెక్క ముప్పై నాలుగు కళ్ళు. ఒక్క పేషెంటునూ మళ్ళీ పిలవాల్సిన పని పడలేదు. డాక్టరమ్మ కొత్తగా చేరిన ఇద్దరు డాక్టర్లకు నన్ను చూపించి, "స్కాన్ సరిగా రాకపోతే ఈమె దగ్గరికి పంపండి. ఎంత గింజుకునే కన్నైనా ఈమె ముందు కుదురుగా కూర్చుంటుంది" అన్నారు. నేను మెషీన్ అద్దం తుడుస్తూ వినపడనట్టే ఉన్నాను. వినపడింది. ఇంటికొచ్చేదాకా వినపడుతూనే ఉంది.

నాతోపాటు ఆ గదిలో పనిచేసే ఆవిడకు నేను లోలోపల పెట్టుకున్న పేరు తాబేలు. పైకి మాత్రం మేడమ్. త్వరలో రిటైరవుతుంది కాబట్టి ఆవిడ జోలికి ఎవరూ వెళ్ళరు. ప్రతి కంటికీ మూడు స్కాన్లు తీస్తుంది. నచ్చినా మూడే, నచ్చకపోయినా మూడే. మూడూ కలిపి సగటు వేసి రిపోర్టు పంపుతుంది. ఈలోపు బయట బెంచీ మీద పేషెంట్లు నన్ను చూసి కళ్ళతోనే దండాలు పెడుతుంటారు, మమ్మల్ని మీరు పిలవండమ్మా అని. నా పద్ధతి వేరు. బాగా వచ్చేదాకా తీస్తాను, బాగా వస్తే ఆపేస్తాను. చాలామందికి మొదటిదే బాగా వస్తుంది. అదే చెయ్యి తిరగడమంటే.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. నాలుగు నెలల చెకప్. కుడి కన్ను కెరటోకోనస్. కంటి ముందుండే అద్దంలాంటి పొర పల్చబడి, మెల్లగా ముందుకు పొడుచుకొస్తుంది. రోజూ పేషెంట్లకు గుక్కతిప్పుకోకుండా చెప్పే ఈ రెండు ముక్కలు వాడికి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం రెండుసార్లు ఆగాను. అది రెండేళ్ళ కిందటి మాట. ఎడమ కన్ను నిక్షేపంలా ఉంది.

పొర ఎక్కడ బాగా వంపు తిరిగిందో, అక్కడి నంబరు మీదే మా కళ్ళన్నీ. నవంబరులో 52.3 ఉంది. ఒక పాయింటు పైన పెరిగిందంటే జబ్బు కదిలిందని లెక్క. అప్పుడిక పొరను గట్టిపరిచే ట్రీట్‌మెంట్ వాయిదా వేయడానికి ఉండదు.

మొదటి స్కాన్ 53.4. రెప్ప కొట్టాడు. కొట్టాడనే అనుకుంటున్నాను. మెషీన్ ఓకే అంది గానీ, మెషీన్‌కేం తెలుసు, అది వాడి అక్క కాదుగా. రెండోది 53.1. తల కదిలింది. మూడోది 52.6. చక్కగా వచ్చింది. దాన్ని సేవ్ చేశాను.

"ఏమైంది అక్కా, ఇన్నిసార్లు తీస్తున్నావు?"

"నువ్వు కుదురుగా కూర్చుంటే ఒక్కసారే తీసేదాన్ని."

"ఎంతొచ్చింది?"

"కదల్లేదు. సొరంగం నీదే పో."

వాడు గడ్డం పీట మీదే పెట్టుకుని నవ్వాడు. వాడు సర్వేయర్. ఒక కొండను రెండు వైపుల నుంచీ తవ్వుకొస్తారట, రెండూ లోపల కలవాలి. ఆ కలిపే పనికి పెద్ద సర్వేయర్‌గా వాడిని అనుకుంటున్నారు. జులైలో వెళ్ళాలి. ఏడాదికి పైనే పని, చుట్టుపక్కల ఎక్కడా కంటి ఆస్పత్రి లేదు. కన్ను కదలకుండా ఉంటేనే డాక్టరమ్మ సరే అంటారు.

మార్చి 5

అమ్మకు చెప్పాను, కదల్లేదని. అమ్మ రెండోసారి అడగలేదు. ఈ ఇంట్లో కళ్ళ విషయం నేను ఒకసారి చెబితే చాలు.

మార్చి 19

టీవీ చూసేటప్పుడు వాడు తల ఎడమకు వాల్చి చూస్తున్నాడు. చిన్నప్పటి నుంచీ వాడు కూర్చునే తీరే అంత, సోఫాలో ఎముకలు లేనివాడిలా జారిపోతాడు.

"కన్ను నలపకురా" అని పొద్దున రెండుసార్లు, సాయంత్రం ఒకసారి అరిచాను. నలపడం ఈ జబ్బుకు పనిగట్టుకుని సాయం చేసినట్టు. వాడికీ తెలుసు. అయినా చెయ్యి దానంతటదే వెళ్ళిపోతుందట.

"వాడి చేతికి చెవులున్నాయేమో, దానికే చెప్పు" అంది అమ్మ నాతో.

ఏప్రిల్ 8

ఇవాళ ఒక విశేషం. తాబేలు వాళ్ళాయన్ని ఆస్పత్రికి తీసుకొచ్చింది. ఆయనకు శుక్లం ఆపరేషన్ ఉంది, దానికి ముందు మా గదిలో స్కాన్ కావాలి. గదిలో ఇద్దరం ఉన్నాం. ఆవిడ మెషీన్ ఖాళీగా ఉంది కూడా. అయినా ఆయన్ని నా కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వు తీయమ్మా" అని బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. తలుపు కూడా తనే మూసింది.

ఇన్నేళ్ళ సర్వీసు ఉన్న మనిషి సొంత మొగుడి కన్ను నా చేతిలో పెట్టింది. నోటితో మెచ్చుకునే రకం కాదు ఆవిడ. ఇలా ఒప్పుకుందన్నమాట. ఇకనుంచి తాబేలు అనకూడదు అనుకున్నాను. కానీ అలవాటైన పేరు పోదు.

మే 2

ఒక తండ్రి కూతురి రిపోర్టులు రెండు పట్టుకుని కొంప మునిగినట్టు వచ్చాడు. ఒక చోట 48 అన్నారట, పది రోజుల తర్వాత ఇంకో చోట 49 పైన అన్నారట. "పదిరోజుల్లో ఇంత పెరిగితే పిల్ల కన్ను ఏమైపోవాలమ్మా?" అని చేతులు నలుపుకుంటున్నాడు.

కూర్చోబెట్టి నా పాఠం మొదలుపెట్టాను. ఒక మెషీన్ నంబరును ఇంకో మెషీన్ నంబరుతో పోల్చకూడదు. ఒకే మెషీన్ మీద, ఒకే కంటికి, వెంటవెంటనే తీసినా అటూ ఇటూ ఊగుతుంది. జబ్బు ముదిరిన కంటికి ఊగడం ఇంకా ఎక్కువ. కాబట్టి ఒక్క నంబరు చూసి ఏడవకూడదు, ఒక్క నంబరు చూసి గంతులూ వేయకూడదు. గట్టి లెన్స్ పెట్టుకునేవాళ్ళు రెండు వారాల ముందే తీసేసి రావాలి. ఎందుకంటే లెన్స్ ఆ పొరను అదిమిపెడుతుంది, నంబరు ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

ఆ పిల్ల కాలేజీలో ఏదో లెక్కల చదువట. "అంటే మీరు చెప్పే నంబరును కూడా నమ్మక్కర్లేదా ఆంటీ?" అంది.

"నేను తీస్తే నమ్మొచ్చు" అన్నాను. నవ్వుతూనే అన్నాను గానీ నిజమే అన్నాను.

జూన్ 10

తమ్ముడి చెకప్. సొరంగం ఆర్డరు వచ్చేసింది, వచ్చే నెల ఇరవైన చేరాలి. అందుకని ఒక నెల ముందే రమ్మన్నాను.

53.8. వాడు నిన్నటిదాకా లెన్స్ పెట్టుకున్నాడట. ఇంకేం, అందుకే పెరిగింది. మళ్ళీ తీశాను. 53.9. కన్ను పొడిగా ఉంది, చుక్కలు వేసి కాసేపు ఆగాను. తర్వాతవి రాయడం దండగ, రెప్ప అడ్డం, తల వంకర, మనసు ఎక్కడో. ఏడోసారి 52.9. ఇదీ స్కానంటే. మచ్చ లేదు, గీత లేదు. మార్చి కన్నా 0.3 మాత్రమే ఎక్కువ. అది లెక్కలోకే రాదు.

"అక్కా, మెడ పట్టేసింది. ఎవరికైనా ఇన్నిసార్లు తీస్తావా?"

"అందరూ నా తమ్ముళ్ళా?"

డాక్టరమ్మ రిపోర్టు చూసి వెంటనే సంతకం పెట్టలేదు. "రెండుసార్లూ పైకే వెళ్ళింది. చిన్నదే అనుకో. కానీ లెన్స్ నిన్ననే తీశాడంటున్నావు. రెండు వారాలు తీసేసి ఉన్నాక ఇంకోసారి చూద్దాం. అప్పుడు వెళ్ళనిద్దాం" అన్నారు.

నా స్కాన్ మీద ఇంకోసారి అనడం ఇదే మొదలు. లోపల చురుక్కుమంది. సరే, చూసుకోనివ్వండి. జులై 6న తీస్తాను. అదీ బాగానే వస్తుంది.

జూన్ 11

ఏమీ రాయాలని లేదు.

జూన్ 18

తమ్ముడు భోజనం బాక్స్ మర్చిపోతే సెలవు పెట్టుకున్నాను కదా అని సైటుకు వెళ్ళి ఇచ్చొచ్చాను. ఎండ ఎక్కువగా ఉంది.

జూన్ 19

ఎడమ కన్నుతో చూస్తున్నాడు.

నిన్న రాయలేదు. రాయకపోతే చూడనట్టే అవుతుందనుకున్నాను కాబోలు. నేను వెళ్ళేసరికి వాడు కొత్త రోడ్డు పక్కన మూడుకాళ్ళ స్టాండు మీద ఇన్‌స్ట్రుమెంటు పెట్టుకుని వంగి ఉన్నాడు. పిలవబోయి ఆగాను. కుడి కన్నుకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని, ఎడమ కన్ను గొట్టానికి ఆనించాడు.

వాడు కుడి కన్ను మనిషి. చిన్నప్పుడు పుస్తకాన్ని గొట్టంలా చుట్టి దూరదర్శిని ఆట ఆడేవాళ్ళం. వాడు ఎడమ కన్ను మూసి కుడి కన్నుతోనే చూసేవాడు. కుడి కన్ను ఒక్కటీ మూయడం వాడికి చేతనయ్యేది కాదు, మొహమంతా ముడుచుకుపోయేది. అది చూసి నేను పడీపడీ నవ్వేదాన్ని. ఇప్పటికీ చేతకాలేదు, అందుకే అరచెయ్యి.

దూరంగా కర్ర పట్టుకుని నిలబడే పెద్దాయన నీళ్ళు తాగడానికి వచ్చాడు. "సార్ ఎప్పుడూ చెయ్యి అలాగే అడ్డం పెట్టుకుంటారా?" అని అడిగాను, ఏదో మాట వరసకు అడిగినట్టు.

"ఎప్పుడూ అంటే, ముందు లేదమ్మా. చలికాలం పోయిన దగ్గర్నుంచి ఇలాగే."

చలికాలం పోయిన దగ్గర్నుంచి. అంటే మార్చి. అప్పుడు కంట్లో లెన్స్ కూడా ఉంది. లెన్స్ ఉండగానే ఆ కన్ను పనికి రావడం లేదు.

వాడు నాకు చెప్పలేదు. ఎందుకు చెబుతాడు? కదల్లేదని చెప్పింది నేనే. అక్క మెషీన్ పెట్టి చూసి కదల్లేదంటే, తన కంటికి కనిపించేదే తప్పనుకుని ఉంటాడు.

బాక్స్ చేతికిచ్చి వచ్చేశాను. "కన్ను నలపకురా" అని కూడా అనలేదు. వాడే వెనక నుంచి "ఇవాళ ఒంట్లో బాలేదా అక్కా?" అని అరిచాడు.

జూన్ 21

రాత్రి భోజనాల దగ్గర అమ్మ, "రెండు వైపులా తవ్వుకొస్తే మధ్యలో కలుస్తాయని ఏమిట్రా నమ్మకం?" అని అడిగింది. వాడికి ఉత్సాహం వచ్చేసింది. గ్లాసులు జరిపి, చెంచాలు పెట్టి, టేబులంతా కొండ చేశాడు.

"ఏ రీడింగూ ఒక్కసారి తీసుకోం అమ్మా. ఒకసారి చూశాక గొట్టాన్ని తిరగేసి మళ్ళీ చూస్తాం. ఇన్‌స్ట్రుమెంటులో చిన్న వంకర ఉంటే ఒకసారి అటు తప్పుతుంది, ఒకసారి ఇటు తప్పుతుంది. రెండూ కలిపి సగటు తీస్తే తప్పు పోతుంది."

"రెండిట్లో బాగున్నది తీసుకుంటే పోలా?"

"బాగున్నది ఏదో నాకెలా తెలుస్తుంది? నాకు నచ్చింది ఉంచుకుంటూ పోతే, ఒక్క సొరంగం తవ్వమంటే రెండు తవ్వుతాం."

అమ్మ నవ్వింది, వాడూ నవ్వాడు. నేను గ్లాసులు వెనక్కి జరిపాను. వాడు నన్ను ఉద్దేశించి అనలేదు, వాడికేమీ తెలియదు. అందుకే ఇంకా కష్టంగా ఉంది.

నేను నంబరు నచ్చనప్పుడే మళ్ళీ తీశాను. నచ్చిన నంబరు వచ్చినప్పుడు ఒక్కసారి కూడా మళ్ళీ తీయలేదు. 53.4 వస్తే రెప్ప. 52.6కి రెప్ప కొట్టాడో లేదో చూశానా? చూడలేదు. ఊగే నంబరును ఏడుసార్లు ఊపితే ఎప్పుడో ఒకసారి కిందికి రాక ఏం చేస్తుంది?

లెన్స్ సంగతి. మే నెలలో ఆ తండ్రికి నేనే చెప్పాను, లెన్స్ అదిమిపెడితే నంబరు తగ్గుతుందని. జూన్‌లో నా తమ్ముడికి మాత్రం లెన్స్ వల్ల పెరిగింది. ఎవరైనా వింటే నవ్విపోతారు. నిన్నటిదాకా లెన్స్ పెట్టుకుని కూడా 53.8 ఉందంటే, అసలుది ఇంకా పైనే ఉండాలి. ఆ రోజే తెలుసు నాకు. తెలిసే, రాయాలని లేదని రాసి పుస్తకం మూశాను.

జూన్ 22

టీ టైములో తాబేలు ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ నిమ్మకు నీరెత్తినట్టు బిస్కెట్టు ముంచుకుని తింటోంది.

"మేడమ్, మీవారి కన్ను నాతో ఎందుకు తీయించారు?"

"నువ్వున్నావు కదమ్మా గదిలో."

"మీరూ ఉన్నారు కదా. నా చెయ్యి మంచిదనా?"

"నీ చెయ్యి మంచిదే. కానీ అందుకు కాదు." బిస్కెట్టు తెగి కప్పులో పడింది. చెంచాతో తీసుకున్నాక గానీ ఆవిడ రెండో మాట మాట్లాడలేదు. "ఆయన కన్ను నేను తీస్తే, నాకు కావాల్సిందే వస్తుంది. పరాయివాళ్ళదైతే ఏది వస్తే అది వస్తుంది."

ఏప్రిల్ నుంచీ నేను మెడలో వేసుకు తిరుగుతున్న దండ ఇదన్నమాట.

"మా తమ్ముడిది మీరు తీస్తారా?" అన్నాను.

"నీ మెషీన్ మీదే తీస్తాను" అంది. ఇంకేమీ అడగలేదు. ఆవిడ మార్చిలోనూ జూన్‌లోనూ ఆ గదిలోనే ఉంది, నా మెషీన్ ఎన్నిసార్లు చప్పుడు చేసిందో వినే ఉంటుంది. మరి అప్పుడెందుకు చెప్పలేదని కోపం వచ్చింది. చెబితే నేను వినేదాన్నా అనుకున్నాక కోపం పోయింది.

తమ్ముడికి చెప్పాను, ఇవాళే లెన్స్ తీసేయమని. "ఈసారి మేడమ్ తీస్తుంది."

"ఎవరు, తాబేలా? సొరంగం పూర్తయ్యేదాకా కూర్చోబెడుతుందేమో!"

ఆ పేరు వాడికి నేర్పింది నేనే. ఇవాళ నవ్వు రాలేదు.

జులై 6

బయట బెంచీ మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ బెంచీ మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. ఒక కాలు పొట్టి, కదిలితే టకటకలాడుతుంది. రోజూ ఇంతమంది దీనిమీద కూర్చుని నా తలుపు వైపు చూస్తారని నాకు తట్టనే లేదు. లోపల నా మెషీన్ ఒకసారి చప్పుడు చేసింది. ఎంత వచ్చిందో తెలియదు. లేచి వెళ్ళాలని కాళ్ళు పీకాయి. బెంచీ పట్టుకుని కూర్చున్నాను. రెండోసారి. మూడోసారి.

53.9, 53.6, 54.1.

ముగ్గురం డాక్టరమ్మ గదిలోకి వెళ్ళాం. తమ్ముడిని కాసేపు బయట కూర్చోమని చెప్పి, ఎవరూ అడగకుండానే నేనే మొదలుపెట్టాను.

"మార్చిలో నేను మూడు తీశాను మేడమ్. మీకు చూపించింది ఒకటే."

"మిగతావి?"

"53.4, 53.1." ఇలాంటివి మర్చిపోదామన్నా గుర్తుంటాయి. "జూన్‌లో ఏడు తీశాను. అన్నిటికన్నా తక్కువ వచ్చింది పంపాను. వాడు సైటులో కుడి కన్ను మూసి ఎడమ కన్నుతో చూస్తున్నాడు."

డాక్టరమ్మ అరవలేదు. అరిచి ఉంటే తేలికగా ఉండేది. "నవంబరుది?"

"అది మొదటిసారే బాగా వచ్చింది. ఆపేశాను."

"అంటే అదెంత నిజమో కూడా మనకు తెలియదు." కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టారు. "ఒక్క నంబరు పట్టుకుని నేను దేన్నీ తేల్చను. పొర మందం చూద్దాం. నవంబరులో 438 మైక్రాన్లు, ఇప్పుడు 419. అద్దాల పవరు మారింది. పనిలో కన్ను మార్చాడని నువ్వే అంటున్నావు. నాలుగూ ఒకే వైపు చూపిస్తున్నాయి కాబట్టి జబ్బు కదిలింది. మార్చిలోనే నువ్వు మూడూ చూపించి ఉంటే, నెలకోసారి రమ్మని దగ్గర పెట్టుకునేదాన్ని. మందం నాలుగు వందలకు దిగిందంటే ఈ పద్ధతిలో ట్రీట్‌మెంట్ చేయలేం, తెలుసు కదా?"

తెలుసు. ఆ ముక్క కూడా రోజూ పేషెంట్లకు చెప్పేదే.

"వచ్చే వారమే చేద్దాం. చూపు వెనక్కి రాదు, ఉన్నది నిలుస్తుంది. ఇంకా చోటుంది, భయపడకు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "సొరంగంలోకి పంపేశాక తెలిసి ఉంటే నీతో ఇలా మాట్లాడేదాన్ని కాదు" అన్నారు.

బస్సులో తమ్ముడికి మొత్తం చెప్పాను. ఒక్క నంబరూ దాచలేదు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నాడు.

"నాకు చెప్పాల్సింది కదా అక్కా" అన్నాడు చివరికి. "53.4 అని. నంబరు నాది కదా."

"నువ్వు భయపడతావని..."

"నేను భయపడతాననా, నువ్వు భయపడ్డావా?"

తర్వాతి స్టాపులో దిగి వాడు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి అమ్మకు కూడా చెప్పాను. అమ్మ "నిన్ను ఎప్పుడూ రెండోసారి అడగలేదు చూడు నేను" అంది.

జులై 9

వాడు నాతో మాట్లాడడం లేదు. పెద్ద సర్వేయర్ పని ఇంకొకరికి ఇచ్చేశారు. కన్ను బాగయ్యాక వస్తే కింద చేరొచ్చన్నారట. అమ్మతో చెబుతుంటే విన్నాను.

వాడి కలను నేనే పాడుచేశానా అని ఆలోచించాను. జబ్బు నేను తేలేదు. కానీ ముందే తెలిసి ఉంటే ట్రీట్‌మెంట్ ఎప్పుడో అయిపోయి, ఈ పాటికి వాడు పెట్టె సర్దుకుంటూ ఉండేవాడు. ఆ నాలుగు నెలలు మాత్రం నేను తీసుకున్నవే. ఇందులో సర్ది చెప్పుకోవడానికి ఏమీ లేదు, చెప్పుకోను.

జులై 14

అయిపోయింది. కంట్లో చుక్కలు వేస్తూ, నీలం లైటు కింద పడుకోబెట్టారు. నేను లోపలికి వెళ్ళలేదు. బెంచీకి పొట్టి కాలు కింద అట్ట మడిచి పెట్టాను, ఇక టకటకలాడదు.

జులై 15

నొప్పి బాగా ఉంది వాడికి. కర్టెన్లు వేసి, ఫోను పక్కన పడేసి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చుక్కల మందు వేయడానికి వెళితే నోరు విప్పకుండా మొహం పైకెత్తుతాడు, వేయగానే తిప్పేసుకుంటాడు. మధ్యాహ్నం కూడా అలాగే వేసి లేవబోతుంటే,

"అక్కా."

"ఏంట్రా?"

"నలపాలనిపిస్తోంది."

"చేతులు కట్టేస్తా."

"కట్టేయ్. నిజంగానే."

ఆ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను. వాడు నిద్రపోయేదాకా వదల్లేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. వాడి కళ్ళు మూసి ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు.

ఆగస్టు 21

మా గదిలో కొత్త పద్ధతి. డాక్టరమ్మ సంతకంతో గోడకు కాగితం అంటించాం. ఈ జబ్బున్న ప్రతి కంటికీ మూడు స్కాన్లు. మూడూ అయ్యేదాకా నంబరు చూడకూడదు. మూడూ రిపోర్టులో ఉండాలి. పాడైతే ఎందుకు పాడైందో నంబరు చూడకముందే రాయాలి. సొంతవాళ్ళ కళ్ళు పక్కవాళ్ళ చేతికి. మాటలు నావి, పద్ధతి నా పక్క మెషీన్ ఆవిడది.

నా లెక్క రోజుకు ఇరవై దాటడం లేదు. కొత్త డాక్టర్లలో ఒకతను, "ఏంటి సిస్టర్, ఈ మధ్య స్లో అయ్యారు?" అన్నాడు.

"ఇంతకు ముందు తొందరపడేదాన్ని, ఇప్పుడు పని చేస్తున్నాను" అన్నాను. మొహం తిప్పుకుని మెషీన్ అద్దం తుడుచుకున్నాను. చెయ్యి అదే చెయ్యి. ఇప్పుడు కూడా ఎంత గింజుకునే కన్నైనా నా ముందు కుదురుగానే కూర్చుంటుంది. అందులో అనుమానమేమీ లేదు.

వెనక నుంచి ఆవిడ మెల్లగా, "ఇక ఇద్దరం తాబేళ్ళమే" అంది.

తల కొట్టేసినట్టయింది. ఆ పేరు ఆవిడకు ఎప్పటి నుంచి తెలుసో అడగలేదు. తమ్ముడే చెప్పి ఉంటాడు, వాడి పని చెబుతాను.

అక్టోబరు 3

వాడు సొరంగానికి వెళ్ళాడు. రెండో సర్వేయర్‌గా. తన పైవాడికి ఏమీ రాదని బస్సెక్కేదాకా తిట్టాడు. వాడు తిడుతున్నాడంటే బాగున్నట్టే.

జనవరి 12

సెలవు మీద వచ్చాడు. ఆరు నెలల చెకప్. బెంచీ మీద కూర్చున్నాను, తలుపు మాత్రం ఓరగా వేసి ఉంది. అమ్మ ఇంట్లో ఫోను పట్టుకుని కూర్చుంది.

చెకప్ అంటే వాడికి ఆత్రం. మొదటి స్కాన్ అవగానే కుర్చీలోంచి మెడ సాచి తెర చూసేశాడు. స్కాన్ తీస్తున్న మేడమ్ వద్దంటున్నా వినలేదు. "53! అక్కా, 53! దిగింది!" అని గడ్డం పీట మీది నుంచి లేచిపోయాడు. "చాలు మేడమ్, థాంక్స్. పద అక్కా."

53.0. పోయిన జులై సగటు కన్నా దాదాపు ఒక పాయింటు తక్కువ. నా గుండె ఎగిరి గంతేసింది. ఆ ఒక్క స్కాన్ పట్టుకుని ఇంటికి పరిగెత్తాలనిపించింది. మార్చిలో కూడా ఇలాగే అనిపించి ఉంటుంది.

"కూర్చోరా" అన్నాను తలుపు దగ్గర నిలబడి. "మేడమ్, ఇంకో రెండు తియ్యండి."

"బాగా వచ్చింది కదక్కా!"

"అందుకే."

వాడు నావైపు చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టుంది, టేబులు మీద గ్లాసులూ చెంచాలూ కావచ్చు. వెనక్కి వెళ్ళి పీట మీద గడ్డం ఆనించాడు. నేను బెంచీ దగ్గరికి వచ్చేశాను.

54.0, 53.8.

మూడూ కలిపితే 53.6. జులైలో 53.9 దగ్గర ఉండేది. ఆ తేడా ఊగులాటే, దిగిందనడానికి లేదు, ఎక్కిందనడానికి అసలే లేదు. మందం కూడా అక్కడే ఉంది. డాక్టరమ్మ మూడు నంబర్ల మీదా వేలు పెట్టి చదివి, "కదల్లేదు" అన్నారు. తమ్ముడి మొహం కొంచెం చిన్నబోయింది. వాడికి 53 కావాలి మరి. నాకు ఈ 53.6 చాలు. ఇలా కడుపు నిండి చాలా కాలమైంది.

అమ్మకు ఫోన్ చేసి మూడు నంబర్లూ చెప్పాను, బాగున్నదీ బాగాలేనిదీ. కదల్లేదమ్మా అన్నాను.

"నిజమేనా?" అంది అమ్మ.

నిజమేనని రెండోసారి కూడా చెప్పాను.